నట్టింటి నెట్టు శాస్త్రం

శాస్త్రం రాయబూనినవాడు ముందుగా నాలుగు సంగతులు తేల్చాలని పెద్దలు నియమం పెట్టారు: విషయం, ప్రయోజనం, అధికారి, సంబంధం. ఈ గ్రంథానికి విషయం, ఇంటికి ఏ బ్రాడ్‌బ్యాండ్ ప్లాను వేయించుకోవాలన్నది. ప్రయోజనం, నెలకు మూడు నాలుగు వందల ఆదా, రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో శాంతి. అధికారి, మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, ఎర్రగొండపాలెం సీమల్లో కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుందో ఆ గృహస్థు. ఇక సంబంధం, ఆ గృహస్థుకూ, ప్లాను విషయంలో అసలు నిర్ణయం చేసే అతని తొమ్మిదో తరగతి మనవడికీ మధ్య ఉన్నది.

ఈ శాస్త్రం లేకపోయినా నిర్వచనాలకు మాత్రం కరువు లేదు. సెకనుకు 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అని కేంద్ర ప్రభుత్వం 2004లో చెప్పింది. 2013లో దాన్ని 512 చేసింది. 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెంచింది. సర్కారువారి లెక్కలో సెకనుకు 2 మెగాబిట్లు వచ్చిందంటే అది బ్రాడ్‌బ్యాండే. కేబులాయన పంచే కరపత్రం మీద మాత్రం 300 అని ఎర్రటి అంకె ఉంటుంది. ఈ రెండుకూ ఆ మూడు వందలకూ నడుమనున్న బయల్లో ఎటు పోవాలో తెలియక గృహస్థు తిరుగుతుంటాడు. వీధిలో ఎవరిని అడిగినా "మేం వేయించిందే నువ్వూ వేయించు మామా" అంటారు. దీన్నే శాస్త్రంలో గతానుగతిక న్యాయం అంటారు.

మతభేదాలు

ఈ విషయంలో ఈ సీమల్లో మూడు మతాలున్నట్టు ఈ గ్రంథకర్త కల్పించుకున్నాడు.

మొదటిది మార్కాపురం మతం. వీరికి వేగమే సర్వస్వం. దేశంలోని బడిపిల్లలకు పలకలు చేసి పంపిన ఊరు గనక, నల్లటి దానిమీద పెద్దగా రాసిన అంకె ఏదైనా సరే వీరికి నమ్మకం. వంద ఉన్నవాడు రెండు వందలవాణ్ణి చూసి చిన్నబోతాడు. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళ కన్నా ముందు స్పీడ్‌టెస్ట్ చూపిస్తాడు.

రెండోది గిద్దలూరు మతం. వీరికి తీగే సర్వస్వం. నంద్యాల రైలు దిగువమెట్ట దాటి నల్లమలలోకి, సొరంగాల్లోకి దూరగానే సెల్లులో గీతలన్నీ మాయమవడం చూసి చూసి, వేగం కన్నా ఉనికి గొప్పదనే వేదాంతం వీరికి అబ్బింది. "ఎంతొస్తే ఏంది, వస్తా ఉంటే చాలు" అన్నది వీరి మహావాక్యం.

మూడోది కంభం మతం. శ్రీకృష్ణదేవరాయల కాలంలో గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టించిందని చెప్పుకునే చెరువు ఒడ్డున పుట్టినవారు గనక, వీరు ఏ ప్లాను పేరెత్తినా మొదట అడిగేది "నిల్వెంత?" అని. అంటే నెలకు ఎన్ని జీబీలని.

మూడు మతాల్లోనూ సత్యం ఉంది, మూడూ ఆ సత్యాన్ని రెండో మెట్టు మీదే పట్టుకున్నాయి. మొదటి మెట్టు ఇంకొకటి ఉంది.

రద్దీ ఘడియ ప్రకరణం

సూత్రం: ఇంట్లో మనుషులను వదిలెయ్యి, రాత్రి ఎనిమిదిన్నరకు వెలిగే తెరలను లెక్కపెట్టు.

వ్యాఖ్య: ఆరుగురున్న ఇల్లొకటి తీసుకుందాం. సమయం ఎనిమిదిన్నర. నట్టింట్లో టీవీలో అత్తగారి సీరియల్ హెచ్‌డీలో నడుస్తోంది, 5 మెగాబిట్లు. వంటింట్లో కోడలు పెనం మీద చపాతీ తిప్పుతూ, పోపుడబ్బాకు ఆనించిన ఫోన్లో యూట్యూబ్ చూస్తోంది, మహా అయితే ఇంకో 5. హైదరాబాదు ఉద్యోగాన్ని ఇంటినుంచే వెలగబెడుతున్న కొడుకు చొక్కా పైన, లుంగీ కింద కట్టుకుని మీటింగులో ఉన్నాడు, 4. మామగారు డాలస్‌లో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడుతున్నారు, 2. తెర మీద ఆయన నుదురు మాత్రమే కనిపిస్తుంది గనక నిజానికి అంత కూడా అక్కర్లేదు. మనవరాలు రీల్స్, 3. మనవడు ఆటలో ఎవరినో కాలుస్తున్నాడు, ఒకటి కూడా పట్టదు, పోనీ ఒకటి వేద్దాం.

వెరసి 20. అనుకోనిదేదైనా వస్తుందని సగం కలిపితే 30. కరపత్రంలో అన్నిటికన్నా అడుగున, అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉండే ప్లాను సరిగ్గా ఇదే.

ఆక్షేపం: మరి మా టీవీ 4కే కదా? సమాధానం: 4కే బొమ్మకు 15 నుంచి 20 మెగాబిట్లు పడుతుంది. టీవీ 4కే అయితే చాలదు, అందులో చూసే బొమ్మ కూడా 4కేలో ఉండాలి. ఉంటే 50 ప్లానుకు వెళ్ళండి. అలాంటి టీవీలు రెండుండి, రోజూ పెద్ద ఫైళ్ళు ఎక్కించి దించే ఉద్యోగం కూడా ఉంటే 100. మూడు వందలు లాడ్జీ నడిపేవారికి.

ఆక్షేపం: మనవడు ఆటలో చచ్చిపోతున్నాడు, నెట్టు స్లో అంటున్నాడు. సమాధానం: ఆటకు కావలసింది కబురు పోయి తిరిగి రావడానికి పట్టే సమయం తక్కువగా ఉండడం. దాన్ని పింగ్ అంటారు. 30 ప్లాను తీసేసి 300 పెట్టించినా అది దాదాపు అక్కడే ఉంటుంది. కాబట్టి మనవడి మరణాలకు ప్లాను బాధ్యత వహించదు.

బిట్టు బైటు వివేకం

సూత్రం: ప్లాను బిట్లలో అమ్ముతారు, సినిమా బైట్లలో దిగుతుంది.

వ్యాఖ్య: ఎనిమిది బిట్లు ఒక బైటు. 100 మెగాబిట్ల ప్లానులో సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లే. ఒక జీబీ సినిమా పది సెకన్లలో వస్తుందని వేళ్ళు లెక్కపెట్టినవాడు ఎనభై సెకన్లు కూర్చోవాల్సి వస్తుంది. మిగతా డెబ్బై సెకన్లూ కేబులాయన్ని తిట్టడంతో సరిపోతుంది. ఎనిమిదో ఎక్కం తెలియకపోవడం వల్ల లోకంలో ఇంత తిట్టు వృథా అవుతోంది.

అపరిమిత పరిమితి ప్రకరణం

సూత్రం: అపరిమితానికీ ఒక పరిమితి ఉంటుంది, దాన్ని తొమ్మిదో పేజీలో రాస్తారు.

వ్యాఖ్య: తీగ ప్లానుల్లో ఈ పరిమితి మామూలుగా నెలకు 3,300 జీబీ. అది దాటితే వేగం పడిపోతుంది. ఈ అంకె చూసి కంభం మతస్థులు కంగారు పడతారు. పడనక్కర్లేదు. హెచ్‌డీ బొమ్మ గంటకు సుమారు 3 జీబీ తాగుతుంది. నెలకు 720 గంటలు. అత్తగారు ముప్పై రోజులూ రాత్రింబగళ్ళు కన్నార్పకుండా టీవీ చూసినా అయ్యేది 2,160 జీబీ. అప్పటికి పరిమితి మిగిలే ఉంటుంది, అత్తగారి సంగతే అనుమానం.

అయితే కంభం మతం పూర్తిగా ఓడిపోలేదు. తీగ లేకుండా మిద్దె మీద పెట్టె పెట్టి, టవరునుంచి 5జీ పట్టుకునే ఎయిర్‌ఫైబర్ ప్లానుల్లో నిల్వ తరచుగా 1,000 జీబీ దగ్గరే ఆగుతుంది. అంటే రోజుకు పదకొండు గంటల హెచ్‌డీ. రెండు టీవీలు ఎడతెగక నడిచే ఇంట్లో అది నెల నిండకముందే అడుగంటుతుంది. తీగ రాని ఊళ్ళవారు, తోటలో ఇల్లు కట్టుకున్నవారు దీన్నే వేయించుకోక తప్పదు. వారు మాత్రం "నిల్వెంత?" అని అడిగి తీరాలి.

పంపకాల ప్రకరణం

సూత్రం: రాసిన వేగం ఆశ, వచ్చిన వేగం ప్రాప్తం.

వ్యాఖ్య: ఈ సీమవాడికి ఏదైనా నీళ్ళలో చెబితేనే ఎక్కుతుంది. బోరు వేస్తే "ఎన్నించులు పడ్డయ్యి?" అని అడుగుతాడు. రెండించులు పడ్డాయంటే సంతోషిస్తాడు. ఆ రెండించులూ తన ఒక్కడి చేనుకా, పాలివాళ్ళతో పంపకమా అన్నది తర్వాతి ప్రశ్న. నెట్టులో ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. ఊళ్ళ ఇళ్ళకు తీగ ఎక్కువగా జీపాన్ అనే పద్ధతిలో వస్తుంది. ఒక్కో తీగ మోసేది సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు. దాన్ని స్తంభం మీది చిన్న పెట్టెల్లో చీల్చి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. 64 ఇళ్ళూ ఒక్కసారిగా తూము ఎత్తితే తలా 39 మెగాబిట్లు కూడా రాదు. అందరూ ఒక్కసారే ఎత్తరు గనక వ్యవహారం నడుస్తోంది. క్రికెట్ ఫైనల్ నాడు ఎత్తుతారు, ఆ రోజు సిక్సరు పక్కింట్లో కేక వినిపించాక మనింట్లో పడుతుంది.

రౌటరు వాస్తు

సూత్రం: వైఫైకి దిక్కులతో పని లేదు, గోడలతోనే పేచీ.

వ్యాఖ్య: రౌటరు ఈశాన్యంలో ఉండాలా, ఆగ్నేయంలో ఉండాలా అని వాస్తువేత్తల మధ్య చర్చ ఉంది. ఆచారంలో మాత్రం అది వీధి గదిలో, టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన, పాత పెళ్ళి శుభలేఖల కింద ఉంటుంది. తీగ అక్కడిదాకా వచ్చింది గనక అక్కడే మేకు కొట్టారు. అక్కణ్ణుంచి వెనక గదికి పోవాలంటే తరంగం బీరువానూ, రెండు రాతి గోడలనూ దాటాలి. రౌటరులో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల తరంగాలుంటాయి. 5ది చురుకైనదే గానీ గోడ చూస్తే నీరసపడుతుంది. 2.4ది నెమ్మదైనా గోడ దాటుతుంది.

పరీక్ష చెబుతాను. రౌటరు ఎదురుగా నిలబడి ఒకసారి, వెనక గది మంచం మీద కూర్చుని ఒకసారి వేగం చూడండి. ఎదురుగా నిండుగా వచ్చి మంచం మీద రాకపోతే దోషం గోడది, ప్లానుది కాదు. ఆ ఇంట్లో 300 వేయించినా మంచానికి చేరేది అంతే. పది మీటర్ల తీగ అదనంగా లాగించి రౌటరును నట్టింట్లో, తలకన్నా ఎత్తున పెట్టించండి. ఈ ఒక్క పని ప్లాను మార్చినా రాని ఫలం ఇస్తుంది, ఖర్చు ఒక్కసారే.

వ్యాధి నిదానం

సూత్రం: ఎర్ర లైటుకు స్విచ్చి మందు కాదు.

వ్యాఖ్య: ఇక్కడ గిద్దలూరు మతానికి పట్టాభిషేకం చేయాలి. తీగ ఏ దారిన వచ్చిందో చూస్తే ఎందుకో తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వపు ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల నెట్టు, టీవీ చానెళ్ళు, ఫోను అన్నారు. ఆ ధర ఇప్పుడు లేదు, దారి మాత్రం మిగిలింది. రోడ్లు తవ్వే ఖర్చు లేకుండా తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగిన దారి అది. స్థానిక కేబులువాళ్ళ తీగలదీ అదే ఆకాశ మార్గం. ఖర్చు తగ్గింది, గాలివానకూ, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే ట్రాక్టరుకూ, నల్లమల కోతికీ అందుబాటు పెరిగింది.

తీగ తెగినా, బాగా వంగినా రౌటరు మీద ఎల్ఓఎస్ అనే చోట ఎర్ర లైటు కొట్టుకుంటుంది. అప్పుడు జరిగే సంవాదం ఇది:

"అన్నా, రాత్రి నించి ఎర్ర లైటు కొట్టుకుంటా ఉంది."

"స్విచ్చి ఆపేసి వేశావా?"

"నాలుగు సార్లు వేశా."

"ఎర్ర లైటంటే తీగే తమ్ముడూ, స్విచ్చి వేస్తే యాడొస్తది? పొద్దున్నే వస్తా."

మొదటి ప్రశ్న ఎందుకు అడిగాడన్నది ఈ శాస్త్రానికి అందని రహస్యం. పొద్దున వచ్చినవాడు తీగ చివరి పచ్చ మూతి తీసి పవర్ మీటరులో పెట్టి చూస్తాడు. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే ఆరోగ్యం. మైనస్ 27 దాటి కిందికి పోతే తీగ ఎక్కడో నలిగినట్టు. ఈ మీటరు చేతిలో పట్టుకుని, ఫోను ఎత్తి, చెప్పిన రోజే వచ్చేవాడు ఏ కంపెనీకి ఉంటే మీ వీధికి అదే ఉత్తమ కంపెనీ. ఇది ఏ కరపత్రంలోనూ ఉండదు. పక్కింటాయన్ని "ప్లాను ఎంత?" అని అడగడం మాని, "పోయినసారి తెగితే ఎన్నాళ్ళకు బాగు చేశారు?" అని అడగాలి.

ఉపవ్యాధి ఒకటుంది. కరెంటు పోతే తీగలో వెలుగు ఉన్నా రౌటరు చస్తుంది. దానికి పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది. ఎండాకాలం ఇంటినుంచి ఉద్యోగం చేసే కొడుకున్న ఇంట్లో అది ప్లాను కన్నా ముందు కొనాల్సింది.

ధర ప్రకరణం

399 అని రాసి ఉంటే 18 శాతం జీఎస్టీ కలిపి 471 చేతిలో పెట్టుకుని వెళ్ళాలి. పైన పది ఓటీటీలు ఉచితమంటారు. వాటిలో ఇంట్లోవాళ్ళు పేరు తెలిసి చూసేవి రెండు, ఆ రెండూ పై ప్లానులోనే ఉంటాయి. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఉచితమంటారు. ఒక గాలివాన చూడకుండా ఆ మాటకు ఒప్పుకోకూడదు. మొదట నెల నెలా కట్టండి. తీగ నిలిచిందని తేలాక ఏడాదికి కట్టినా దోషం లేదు.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని శ్రద్ధగా చదివినవారికి ఆస్తి పెరగదు, అనవసరపు బిల్లు తగ్గుతుంది. ఇవాళ రాత్రి ఎనిమిదిన్నరకు మీ ఇంట్లో తెరలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. రౌటరును నట్టింట్లోకి తెప్పించండి. బాగు చేసేవాడి నంబరు గోడ మీద రాయండి. తర్వాత 30 ప్లానుతోనే మొదలుపెట్టండి. చాలకపోతే ఒక్క ఫోను చేస్తే పెంచుతారు. పెంచుకున్నదాన్ని తగ్గించమని అడిగితేనే ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.