రెండో స్పీకరు అమ్మేయండి

అమెరికాలోని క్యారీలో ఇల్లు కొన్నవాళ్లు గృహప్రవేశమైన నెలకల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. వేంకటేశ్వరస్వామి గుడి బయట, చేతిలో పులిహోర పొట్లంతో కూడా అడుగుతారు: "మా స్పీకర్ల జతకి ఎన్ని వాట్ల యాంప్లిఫయరు కొనాలి?" నా జవాబు ఎవరికీ రుచించదు. అయినా మార్చుకోను. ఆ జతలో ఒకటి అమ్మేయండి. మిగిలినదానికి పది వాట్లు చాలు.

మన ఇళ్లలో పొద్దున్నే మోగేది ఘంటసాల. ఆయన 1974లో పోయారు. సినిమాల్లో పాడినవి దాదాపు అన్నీ మోనోనే. ఆ ఒక్క గొంతును రెండు స్పీకర్లకు పంచితే ప్రతి చెవికీ రెండింటి శబ్దమూ చేరుతుంది, అవతలి పక్కది ఒక పిసరు ఆలస్యంగా. ఆ ఆలస్యం వల్ల సుమారు 2,000 హెర్ట్జ్ దగ్గర శబ్దం కొంత నలిగిపోతుంది. హల్లులు తేటపడేది సరిగ్గా అక్కడే. ఘంటసాల పాటలో ఒత్తు నలిగితే ఇంకేం మిగిలినట్టు?

నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు సోఫా చివర కూర్చుని, "పాటంతా ఈ పక్కనుంచే వస్తోందేంట్రా?" అన్నారు. నడిమధ్య కూర్చోకపోతే దగ్గరి స్పీకరే వినిపిస్తుంది మరి. ఆ సాయంత్రమే ఒకదాని తీగ పీకేశాను. ఆయన మళ్లీ ఏమీ అడగలేదు, కళ్లు మూసుకుని విన్నారు.

ఒక జాగ్రత్త. ఒక్క స్పీకరే కదా అని యాంప్లిఫయరు కుడి, ఎడమ తీగలను కలిపి ముడేయకండి, యాంప్లిఫయరే కాలిపోవచ్చు. దానికి మోనో మీట ఉంటే నొక్కండి. లేదంటే ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో పెట్టుకోండి. 2010లో మాయాబజార్‌కు రంగులద్దినప్పుడు శబ్దాన్నీ డీటీఎస్‌లోకి మార్చారు. రంగుల సంగతి మీ ఇష్టం, పాటలకు మాత్రం 1957 నాటి శబ్దమే వెతుక్కోండి.

కొనేటప్పుడు స్పీకరు మీద వాట్ల అంకె చూడకండి, సెన్సిటివిటీ చూడండి. ఒక వాటుకు మీటరు దూరంలో ఒకటి 90 డెసిబెల్స్, ఇంకొకటి 84 ఇస్తాయనుకుందాం. తేడా ఆరే అనిపిస్తుంది. కానీ రెండోది మొదటిదంత గట్టిగా పలకాలంటే నాలుగింతల వాట్లు పొయ్యాలి. పైగా చిన్న యాంప్లిఫయరును శక్తికి మించి తోస్తే శబ్దం చిట్లి, ముందుగా ట్వీటరు పోతుంది. ఓములు ఎనిమిది ఉన్నదే తీసుకోండి.

స్పీకరును గోడకు దూరంగా పెట్టమంటారు అందరూ. నేను మూలకు తోసేయమంటాను. ఇక్కడి గోడలు ఇటుకవి కావు, చెక్క చట్రానికి కొట్టిన షీట్‌రాక్. మంద్రం వాటిలోంచి కారిపోతుంది. మూల అందులో కొంత తిరిగి ఇస్తుంది. అమెరికాలోనే పాల్ క్లిప్ష్ 1940లలో మూల గోడలను బూరగా వాడుకునే స్పీకరు చేశాడు. టౌన్‌హోమ్ అయితే మాత్రం పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ ఉన్న మూల వద్దు. సబ్‌వూఫరు ఏ మూలా వద్దు.

ఇండియాలోని ఇంటినుంచి పాత రికార్డు ప్లేయరు తెచ్చుకున్నవాళ్లు ట్రాన్స్‌ఫార్మరు పెట్టి 120 వోల్టులను 230 చేసుకుని ఊరుకుంటారు. అక్కడ కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. ఆ ఏసీ మోటారు ఈ కరెంటు లెక్కనే తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డు 40 తిరుగుతుంది. ఘంటసాల గొంతు హార్మోనియం మీద మూడు మెట్లు పైకి పోతుంది. పుల్లీ మార్పించేదాకా రికార్డు ముట్టుకోకండి.

రెహమాన్ స్టీరియో పాటల మాటేమిటని పిల్లలు అడుగుతారు. వాళ్లకు మంచి హెడ్‌ఫోన్లు కొనిపెట్టండి.

తీగల మీద డబ్బు పొయ్యకండి. పదిహేను అడుగుల లోపు 16 గేజి రాగి తీగ చాలు. మిగిలిన డబ్బుతో తివాచీ, ఒక కుర్చీ కొనండి. కుర్చీని స్పీకరుకు ఆరడుగుల్లో వేయండి. పన్నెండడుగుల నుంచి ఆరుకు జరిగితే నాలుగింతలు కాకున్నా, కొన్ని వాట్లు ఉచితంగా వచ్చినట్టే. సోఫాను వేరే గదిలోకి మార్చేయండి.