వీపు తోలు, పొట్ట బేరం

(తోలు కొట్టు. లోపల కొట్టు తాత. ఎదురుగా హాబీరావు: వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేరు, రెండు రోజులు కళ. గడప బయట, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని అతని మేనమామ ఆచారయ్య.)

హాబీరావు: తాతా, బెల్టు కుట్టాలి. ఎనిమిది ఔన్సుల తోలివ్వు.

తాత: దగ్గు మందా బాబూ?

హాబీరావు: మందం తాతా! అమెరికా వీడియోల్లో అలాగే చెబుతారు. ఔన్సంటే అంగుళంలో 64వ వంతు.

తాత: మూడు మిల్లీమీటర్ల పైచిలుకన్నమాట. ఇదిగో గేదె వీపు. వెన్ను వెంబడి కోసింది. లాగి చూడండి, సాగదు.

హాబీరావు: (ధర విని) అమ్మో! పక్కన మెత్తగా ఉన్నది సగం ధరేగా?

తాత: అది పొట్ట. మేసినప్పుడల్లా ఉబ్బి, మళ్లీ తగ్గిన చోటు. నార వదులు. దాంతో బెల్టు కుడితే నెలకో కొత్త బెజ్జం పొడుచుకోవాలి. సన్నబడుతున్నానని మీరు సంతోషపడొచ్చు.

హాబీరావు: మరెందుకు అమ్ముతున్నావు?

తాత: లోపలి అస్తరుకు పనికొస్తుంది. చేయి తిరిగేదాకా కుట్టు నేర్చుకోవడానికీ అదే మేలు.

హాబీరావు: నేర్చుకోవడం అయిపోయింది. 40 గంటల వీడియోలు చూశాను. పనిముట్లకే 18 వేలయ్యాయి.

తాత: ఎన్ని బెల్టులు కుట్టారు?

హాబీరావు: ఇదే మొదటిది. అవునూ, వీపు మీద ఈ గీతలేంటి?

తాత: ముళ్లకంప గీరుకుంది. ఆ చుక్క పిడుదు కుట్టింది.

హాబీరావు: నాకు పైపొర గీకని సహజమైన ఫుల్ గ్రెయిన్ కావాలి. మచ్చ మాత్రం ఉండకూడదు.

తాత: గీకకపోతే మచ్చ ఉంటుంది. మచ్చ వద్దంటే పైపొర గీకి, రంగు పూసి, దొంగ గ్రెయిన్ ఒత్తుతారు. రెండూ కావాలంటే ఒక గేదెను మీ ఏసీ గదిలో పెంచుకోండి.

హాబీరావు: బెల్టు మీద నా పేరు చెక్కాలి.

తాత: అయితే క్రోము తోలు వద్దు, అచ్చు నిలవదు. బెరడుతో పదును చేసింది తీసుకోండి. మా నాన్న తంగేడు చెక్క వాడేవాడు. తడిపి ఒత్తితే గుర్తు అలాగే ఉండిపోతుంది. తప్పు రాసినా ఉండిపోతుంది.

ఆచారయ్య: ఒరేయ్, ఆ చేత్తో నన్ను ముట్టుకోకు! మన ఇంటా వంటా లేని పని ఇది.

హాబీరావు: ఇప్పుడు దీన్ని లెదర్ క్రాఫ్ట్ అంటారు మావయ్యా. రెండు రోజుల శిక్షణకు 4 వేలు.

ఆచారయ్య: నేర్పేది ఎవరు?

హాబీరావు: మనవాళ్లే.

ఆచారయ్య: ఆ ముక్క ముందే చెప్పొద్దూ! (గడప దాటి) ఏమోయ్, శాకాహారపు తోలుందా?

తాత: అది ఎక్కువగా ప్లాస్టిక్కేనండీ. ఎదురు కొట్లో అడగండి.

ఆచారయ్య: నా బెల్టు పెచ్చులూడుతోంది. అసలు తోలని ముద్ర కూడా ఉందే!

తాత: (వంగి చూసి) తోలే. రాలిన ముక్కలన్నీ నూరి, జిగురు కలిపి పలక పోస్తారు. ఒక గేదెది కాదు, ఓ నలభై గేదెలది అయి ఉంటుంది.

ఆచారయ్య: (నడుము తడుముకుని) నలభయ్యా!

హాబీరావు: సరే తాతా, ఆ వీపు తోలు పట్టుకుని ఒక ఫొటో దిగుతాను. ఇంటికి మాత్రం పొట్ట ముక్క కట్టు.

తాత: మీ 18 వేల పనిముట్లలో బెజ్జం పొడిచే ఆరె ఉందా బాబూ? నెలనెలా పనిపడుతుంది.