అన్నిటికీ అర్హత ఉంది, నాకు తప్ప

మా ప్రొద్దుటూరు ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది. ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడినోణ్ని నేనింతవరకు చూడలేదు. అట్లాంటి ఎండకు ప్రభుత్వం డబ్బులిస్తుందని తెలిసిన రోజు, ఇన్నాళ్లకు సీమకు న్యాయం జరిగిందనుకున్నా. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం. మిద్దె మీద సోలార్ పెట్టించుకుంటే రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, మూడోదానికి 18,000, వెరసి 78,000 రూపాయల సబ్సిడీ. టీ అంగడి దగ్గర నేను ఈ అంకెలు వల్లించిన తీరు చూసి, పథకం పెట్టింది నేనేమో అనుకున్నారు కొందరు.

"నీకు వస్తాదా అన్నా?" అని ఒకడడిగినాడు.

"నాకు రాకపోతే ఇంకెవరికొస్తాదిరా" అన్నా.

అర్హతలు చదివినా. భారత పౌరుడై ఉండాల. ఉన్నా. సొంత ఇల్లుండాల, ప్యానెళ్లు పట్టే మిద్దె ఉండాల, కరెంటు కనెక్షన్ ఉండాల. అన్నీ ఉన్నాయి. సోలార్‌కు ఇంతకుముందు సబ్సిడీ తీసుకొని ఉండకూడదు. రేషన్ చక్కెర తప్ప ప్రభుత్వం దగ్గర నేను తీసుకున్నది ఏమీ లేదు. పదో తరగతి తర్వాత నేను ఇంత ధీమాగా రాసిన పరీక్ష ఇదే.

మా పాప పోర్టల్ తెరిచి కరెంటు సర్వీసు నంబరు కొట్టింది. పేరు వచ్చింది. మా ఆవిడ పేరు.

"ఇదేందమ్మా, తప్పు పడినట్టుంది."

"తప్పేం లేదు నాయనా. బిల్లు మీద ఎప్పుడూ అమ్మ పేరే కదా."

ఈ స్థలం మా మామ పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చింది. స్థలం ఆమెది, పత్రాలు ఆమెవి, మీటరూ ఆమెదే. ఇన్నేళ్లుగా నెలనెలా ఆ బిల్లు కట్టేది నేనే గానీ, నేను చూసేది అడుగున ఉండే మొత్తం మాత్రమే. ఆ మొత్తం చూసినాక పైకి చూసే ఓపిక ఎవరికుంటాది చెప్పండి.

దరఖాస్తు ఆమె పేరున. సబ్సిడీ పడేది ఆమె ఖాతాలో. ఇంటికి అర్హత ఉంది, మిద్దెకు ఉంది, మీటరుకు ఉంది. నాకే లేదు. "ఏమయ్యా, నేను యాడ సంతకం పెట్టాల?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది. ఆ గొంతులో వినయం వినే నాకు భయమేసింది.

ఎదురింటాయన మూడు కిలోవాట్లు పెట్టించినాడు కాబట్టి నేను ఐదన్నా. "మూడు దాటితే సబ్సిడీ పెరగదు నాయనా. ఎదురింటి తాతను గెలవాలంటే ఆ రెండు కిలోవాట్లు నీ జేబులోంచే" అనింది పాప. మూడుకు దిగినా. ఎవరో విదేశీ ప్యానెళ్లు చవగ్గా ఇప్పిస్తామంటే అడ్వాన్సు తీసినా. మళ్లీ ఆ పిల్లే ఆపింది. మన దేశంలో తయారైన ప్యానెళ్లకే సబ్సిడీ అంట, అదీ పథకంలో నమోదైన వెండరు బిగిస్తేనే. ఇంకో సంగతి, డబ్బు ముందు మనమే పెట్టుకోవాల. అంతా బిగించి, నెట్ మీటరు పెట్టి, అధికారులు చూసిపోయినాకే సబ్సిడీ. ప్రభుత్వం ముందే ఇస్తుందనుకొని ఆ డబ్బుతో ఏం కొనాలో నేను అప్పటికే లెక్కేసి పెట్టుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. మీరూ అనొద్దు.

బ్యాంకులో తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి అప్పు దొరికింది. అక్కడ మాత్రం జత సంతకానికి నన్ను పిలిచినారు. అప్పుకు నాకు అర్హత ఉంది.

మిద్దె చూడటానికి వెండరు పంపిన పిల్లోడు వచ్చినాడు. మూడు కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగులు కావాలంట, ప్యానెళ్లు దక్షిణానికి వాలి ఉండాలంట. నైరుతిలో ఉన్న నీళ్ల ట్యాంకు చూసి తల గోక్కున్నాడు. మధ్యాహ్నం దాటితే దాని నీడ పడతాది, ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా దాంతో వరసగా కలిపినవన్నీ డీలా పడతాయి, ట్యాంకు జరపాల అన్నాడు. వాస్తు కోసం ఆ ట్యాంకును మేస్త్రీతో కొట్లాడి మరీ అక్కడ పెట్టించినోణ్ని నేను. నోరు తెరవబోయినా.

"అది నైరుతిలో ఉండి ఇన్నేళ్లలో నీకు కలిసొచ్చిందేముంది? జరపనీ" అనింది మా ఆవిడ.

ట్యాంకు జరిగింది. ఆమె వడియాలు ఎండబెట్టే చోటు మాత్రం జరగలేదు. ప్యానెళ్లే దాన్ని తప్పించుకొని పక్కకు పోయినాయి.

మా అబ్బ కట్టించిన ఇంటికి దూలాలు, దంతెలు, వాటి మీద మందంగా చౌడు మట్టి వేసిన మిద్దె ఉండేది. మే నెలలో కూడా లోపల చల్లగా నిద్ర పట్టేది. మేం పెద్దమనుషులమై దాన్ని కూలగొట్టి, టౌనుకొచ్చి స్లాబు వేసుకున్నాం. స్లాబు వేడికి ఏసీ, ఏసీ బిల్లుకు సోలార్, సోలార్‌కు సబ్సిడీ. మా అబ్బ ఉండుంటే ఏమనేవాడో గానీ, మైలవరం దిక్కు పొలాల్లో సోలార్ పార్కే లేచినాక ఆయనా ఏమీ అనుండడులే.

ఇప్పుడు కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన పన్నెండు యూనిట్ల దాకా పండుతాంది. ఇంక పగలంతా ఏసీ కింద పడుకోవచ్చనుకున్నా. "225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75. ఆ మెట్లు మళ్లీ ఎక్కడానికా ఇంత చేసింది?" అని మా ఆవిడ రిమోట్ తీసి బీరువాలో పెట్టింది. బీరువా కూడా ఆమె పుట్టింటిదే.

సబ్సిడీ పడిన మెసేజ్ ఆమె ఫోనుకొచ్చింది. ఆమె చదివి నవ్వుకుంటే నాకు తెలిసింది. ధైర్యం చేసి, హాల్లో ఇంకో ఏసీ పెట్టిద్దామా అని అడిగినా.

"దరఖాస్తు పెట్టుకో, అర్హత చూస్తా" అనింది.

పెట్టుకున్నా. పది కిలోవాట్ల లోపు సోలార్‌కు టెక్నికల్ ఫీజిబిలిటీ చూడనక్కర్లేదని కేంద్రమే రూలు మార్చింది గానీ, మా ఇంట్లో ఫీజిబిలిటీ ఇంకా నడుస్తానే ఉంది.