లడ్డూకి వకాల్తా

మా మామగారు రెవెన్యూ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆయన కలం మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. టిఫిన్ బాక్సులో చాక్లెట్లు, కేకులు, క్రీము బిస్కెట్లు పెట్టొద్దని, పుట్టినరోజుకి మిఠాయిలు పంచొద్దని మా పాప చదివే బడివాళ్లు వాట్సాప్‌లో ఒక ముక్క పంపారు. తల్లిదండ్రుల గ్రూపు భగ్గుమంది. ‘ఫీజు తగ్గించరు గానీ లడ్డూ తగ్గిస్తారట’ అని ఒకరు, ‘మా పిల్లలు ఏం తినాలో వీళ్లెవరు చెప్పడానికి’ అని మరొకరు. అందరూ మెసేజీలతో సరిపెట్టుకుంటే మామగారు తెల్లకాగితం తీశారు.

‘విషయం: పిల్లల డబ్బాలో తీపి పదార్థముల నిషేధం – తీవ్ర అభ్యంతరం – గురించి.’ కింద సూచికలు. ఒకటోది బడివారి మెసేజీ, రెండోది తిరుపతి లడ్డూ. నకలు జిల్లా విద్యాశాఖాధికారికి.

‘‘ఇది ఆ బడి సొంత పైత్యం కాదండీ. 2025 మేలో సీబీఎస్‌ఈయే బడుల్లో షుగర్ బోర్డులు పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు రోజూ తినే కేలరీల్లో 13 శాతం చక్కెరవేనట. 5 శాతం మించకూడదట’’ అన్నాను.

‘‘శాతాలు మాకు చెప్పకండి అల్లుడుగారూ. శిస్తు వసూళ్ల శాతాలు ముప్పయ్యేళ్లు మేమే రాశాం. ఎలా రాస్తారో తెలుసు.’’

ఆయన చేతిలో ఇంకో ముక్క కూడా ఉంది. ‘‘2020లో మన గవర్నమెంటే బడి భోజనంలో వారానికి మూడు రోజులు చిక్కీ పెట్టింది. శనివారం చక్కెర పొంగలి. సర్కారుకి లేని నొప్పి ప్రైవేటుకెందుకు?’’ పాయింటు గట్టిదే. కాకపోతే పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చే పిల్లకి పల్లీ, బెల్లం కలిపి పెట్టడం వేరు, ఇంట్లో జామ్ బ్రెడ్డు తిని బయల్దేరే మా పాపకి పైగా క్రీము బిస్కెట్లు కట్టడం వేరు. ఈ మాట అంటే ఆయనకి ఆ పూట చెవులు వినపడవు.

ఇంతా చేసి ఆయనకి ఇరవయ్యేళ్లుగా షుగరు. ‘‘నా టీలో పంచదార వద్దమ్మా!’’ అని వీధి చివరికి వినపడేలా చెప్తారు. ఆ టీలోనే మూడు క్రీము బిస్కెట్లు ముంచుతారు. ఆత్రేయపురం నుంచి బెల్లం పూతరేకులు వస్తే, ‘‘బెల్లం వేరు, పంచదార వేరు. రెండూ వేర్వేరు హెడ్డులు’’ అని తేల్చేస్తారు. రీడింగు పెరిగిందా, మిషన్‌లో బ్యాటరీ అయిపోయినట్టే.

పేరెంట్స్ మీటింగుకి ఆయనే వెళ్తానన్నారు. ఎందుకైనా మంచిదని నేనూ వెనకే వెళ్లాను. వరండాలో షుగర్ బోర్డు ఉంది. కూల్‌డ్రింకు బొమ్మ పక్కన చిన్న పంచదార పొట్లం అంటించి, 300 మిల్లీలీటర్ల సీసాలో ఏడెనిమిది చెంచాలు ఉంటుందని రాశారు. మామగారు కళ్లద్దాలు సర్దుకుని పైనుంచి కిందికి చదివారు. పొట్లాన్ని వేలితో నొక్కి చూశారు. మనిషి మెత్తబడ్డాడనుకున్నాను.

‘‘తేదీ లేదు, సంతకం లేదు. ఇది చెల్లదు’’ అన్నారు.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. చిన్నప్పుడు లడ్డూ చూడాలంటే ఊళ్లో ఎవరిదో పెళ్లి కావాలి. మిగతా రోజుల్లో అమ్మమ్మ అరచేతిలో పెట్టే బెల్లంముక్కే గతి. అలా పెరిగిన మనిషికి తీపి ఎక్కువవడమనేది ఒక జబ్బంటే ఎక్కుతుందా? మనవరాలి నోట్లో తీపి పెట్టలేని తాత ఎందుకంటారు. అదీగాక బడిలో లడ్డూ ఆగితే ఇంట్లో ఆగడానికి ఎంతోసేపు పట్టదని ఆయన భయం. డబ్బాలో మిగిలి ఇంటికొచ్చిన కేకుముక్క ఇన్నాళ్లూ ఎవరి ఖాతాలో పడుతోందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

చివరికి బడివాళ్లు పళ్లు, చిక్కీ తెచ్చుకోవచ్చన్నారు. మామగారు అర్జీ మీద ‘పాక్షికంగా ఆమోదించబడినది’ అని ఆయనే రాసుకుని ఫైల్లో పెట్టుకున్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి వకీలు ఉంటే అర్జీలు రాయనివ్వండి. కలం పట్టినంతసేపూ ఆ చేయి బిస్కెట్ల డబ్బా మీదికి పోదు. పిల్లని బడిలో దింపడానికి బయల్దేరేటప్పుడు మాత్రం ఆయన చొక్కా జేబు ఒకసారి తడిమి పంపండి.