ప్రోటీన్ నాన్నగారు

హైదరాబాద్‌లో ఏ బ్యాడ్మింటన్ అకాడమీ గేటు దగ్గరైనా తెల్లారేసరికి ప్రోటీన్ నాన్నగారు ప్రత్యక్షం. ఒక చేతిలో కూతురి కిట్ బ్యాగు, ఇంకో చేతిలో షేకర్ సీసా. ఆయనకి పోషకాహారం తెలియదనడం అన్యాయం. ప్రోటీన్ వరకు పండితుడే. గుడ్డులో ఆరు గ్రాములని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అన్నం మాటెత్తితే మాత్రం గిట్టని చుట్టం పేరు విన్నట్టు మొహం పెట్టి "కార్బ్స్!" అంటారు. చిక్కంతా ఇక్కడే. ర్యాలీ మీద ర్యాలీ ఆడేటప్పుడు కండరాలు ముఖ్యంగా వాడుకునేది ఆ కార్బ్స్ నుంచి నిల్వ అయిన గ్లైకోజెన్‌నే. అన్నం తగ్గించేసి ప్రోటీన్ పొడి పెంచితే, వేలు పోసి కొన్న ప్రోటీన్‌లో కొంత కండ కట్టకుండా ఇంధనంగా ఖర్చైపోతుంది. మూడో గేములో పిల్ల కాళ్లీడుస్తుంటే ఆయన తేల్చేది ఒకటే: "రేపటి నుంచి ఇంకో స్కూపు."

పట్టించుకోని తండ్రుల కంటే నయం కదా అనొచ్చు. నయమే, కానీ కొనేదీ వడ్డించేదీ పెద్దవాళ్లే గనక వాళ్ల సగం చదువు నేరుగా పిల్ల కంచంలోకే దిగుతుంది. బ్యాడ్మింటన్ తార సింధు ఐస్‌క్రీమ్ మానేసే రియో ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిందని ఆయన వాదన. అప్పుడామెకి 21 ఏళ్లు, పక్కన కోచ్ గోపీచంద్. ఈ పిల్లకి పన్నెండు, ఇంకా ఎదగాలి. కండ కోసం ప్రోటీన్ పొడులు వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. తార్నాక మరీ దగ్గర; ఆయనకి కాలిఫోర్నియా రీల్స్ మీదే గురి.

ఆయన లెక్కలోకి రానిది ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత. మన రెండు రాష్ట్రాలూ ఆ సగటుకి పైనే. హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకి ఆక్సిజన్ సరిగా అందదు, ఆయాసం ముందే వస్తుంది. దానికి నాన్నగారు పెట్టిన పేరు "కమిట్‌మెంట్ లేకపోవడం". తోటకూర పప్పులో నిమ్మకాయ పిండడం, తిన్న వెంటనే టీ తాగనివ్వకపోవడం లాంటి సలహాలకి డబ్బా లేదు, డబ్బా మీద కండల బొమ్మా లేదు, నమ్మకమెలా కుదురుతుంది? రాకెట్‌కి ఒకసారి గట్టింగ్ (తీగల బిగింపు) చేయించే డబ్బుతో హిమోగ్లోబిన్ పరీక్ష అయిపోతుంది. గట్టింగ్ మాత్రం నెలకి రెండుసార్లు జరుగుతోంది.