నా పాలలో బిడ్డ వాటా

నేను ముర్రా బర్రెను. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఓ ఇంటి వెనక కొట్టం నాది. నన్ను తెచ్చిన రోజు నుదుటికి పసుపు పెట్టిన కోడలు, బిడ్డను సంకనేసుకొని పుట్టింటికి పోయింది. ఇప్పుడు పాలు పిండేది అత్త. కొడుకు పాశమైలారంలో కాంట్రాక్టు పనికి పోతాడు.

కోడలు బిడ్డ కోసం సంగారెడ్డి కోర్టులో భరణం అడిగింది. దానికి జవాబుగా కొడుకు వేసిన ఆస్తి, ఆదాయాల అఫిడవిట్‌లో నేను లేను. కంపెనీ జీతం చీటీ ఒక్కటే ఉంది. అందులోనూ చిట్టీ, బండి కిస్తీ పోగా మిగిలిందే చూపించాడు. పీఎఫ్, పన్ను లాంటి తప్పనిసరి కోతలనే తప్ప, సొంత అప్పుల కిస్తీలను కోర్టులు మామూలుగా ఒప్పుకోవు.

2020 నవంబర్ 4న రజనీశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఈ అఫిడవిట్‌కు ఒక నమూనా ఇచ్చింది. తీర్పిచ్చిన ఇద్దరిలో జస్టిస్ ఇందూ మల్హోత్రాతో పాటు మా ఉమ్మడి మెదక్ జిల్లాలో పుట్టిన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఉన్నారు. ఆస్తులూ ఆదాయమూ ఆలుమగలిద్దరూ చెప్పాల్సిందే. కోడలు తన కుట్టుమిషన్ సంపాదన దాచకుండా రాసింది. సేద్యం చేసేవాళ్లకు వేరే నమూనా ఉంది. భూమి తరియా ఖుష్కియా, మూడేండ్లలో ఎంత వచ్చింది, అప్పులెన్ని అని అడుగుతుంది. బర్రెలు, ఆవులు, మేకలు, కోళ్లు ఎన్ని, వాటి మీద రాబడి ఎంత అని కూడా అడుగుతుంది. అంటే నన్ను పేరు పెట్టి అడిగినట్టే.

పొద్దున ఆరు లీటర్లు, సాయంత్రం నాలుగు ఇస్తాను. పాలకేంద్రంలో వెన్నశాతం చూసి చీటీ ఇస్తారు. కోడలు పోయిన నెలలోనే ఆ పాల లెక్క బుక్కు అత్త పేరు మీదికి మారింది. ఇంటి లెక్క తెలిసిన మనిషి కాబట్టి కోడలు ఆ సంగతి వకీలుకు చెప్పింది. కేంద్రం రిజిస్టరు తెప్పించమని వకీలు కోర్టును అడిగాడు. అబద్ధపు అఫిడవిట్ వేస్తే అదే వేరే కేసవుతుంది.

పాలు పిండేటప్పుడు అత్త నా దూడకు ఒక చన్ను వదిలేస్తుంది. ఎంత కరువొచ్చినా ఆ లెక్క తప్పదు. తన మనవరాలి దగ్గర మాత్రం ఎందుకు తప్పిందో నాకు బాధ. నా దాణాకూ ఖర్చుంది, వట్టిపోయిన నెలల్లో రాబడి ఉండదు. అవన్నీ కూడా రాసుకోవచ్చు కదా! దాచినందుకు ఆ ఖర్చు చెప్పుకునే దారీ మూసుకుపోయింది.

మొన్న రాత్రి కొట్టం పక్కనే మాట్లాడుకున్నారు.

“రాస్తే బర్రెను గుంజుకపోతరా బిడ్డా?”

“రాస్తే గుంజుకపోరమ్మా. కట్టకుంటేనే జప్తు. కేసు ఏసిన దినం నుంచే లెక్క గడ్తరట, ఎంత లేటయితే అంత బాకీ.”

“గట్లయితే నా పేరు మీది బుక్కు గూడ రాయి. పోరి మనది గాదా?”

కొత్త అఫిడవిట్ వచ్చే వాయిదాకు వేస్తారట. జూన్‌లో బిడ్డ బడి ఫీజు ఉంది. అప్పటికి నేనింకా వట్టిపోను.