వోల్టేజీ ఆడిటరు గారు

కరెంటు ఉందా పోయిందా అన్నది మనబోటి వాళ్ల గొడవ. ఉన్న కరెంటులో ఎంత దారిలో మాయమైందన్నది వోల్టేజీ ఆడిటరు గారి గొడవ. ఈ కోవకు చెందినవాళ్లు కూకట్‌పల్లిలోనూ ఉన్నారు, విశాఖలోనూ ఉన్నారు. నేను దగ్గర్నుంచి చూసింది రాజమండ్రి దానవాయిపేటలో, మా అపార్ట్‌మెంటులోనే. ఆయన సర్వీసంతా లోకల్ ఫండ్ ఆడిట్‌లో గడిచింది. పంచాయతీల క్యాష్‌బుక్కుల్లో రూపాయి పావలా తేడా కోసం సర్పంచుల్ని నిలబెట్టిన మనిషికి, రిటైరయ్యాక తేడా రాని రోజు తెల్లవారడమే కష్టమైంది. సరిగ్గా అప్పుడే కొడుకు ఓ మల్టీమీటరు కొనిచ్చాడు. రిమోట్లలో బ్యాటరీలు చూసుకుంటారులే అనుకున్నాడు పాపం.

మీటరు తీగలు రెండూ, ఎర్రదీ నల్లదీ, రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంటాయి. ఆ బ్యాండు కిందే నాలుగు మడతల కాగితం, దానికో పొట్టి పెన్సిలు. గళ్లు ఆయనే స్కేలు పెట్టి గీసుకున్నారు: తేదీ, వేళ, మెయిన్ దగ్గర, వంటింట్లో, తేడా, రిమార్కులు. రిమార్కుల గడి అన్నిటికంటే వెడల్పు. పొద్దున్న ఆరింటి వోల్టేజీని ఆయన ‘ప్రారంభ నిల్వ’ అంటారు, రాత్రి పడుకోబోయే ముందుది ‘ముగింపు నిల్వ’. మధ్యలో తగ్గినదానికి ఎవరో ఒకరు వివరణ ఇచ్చుకోవాలి. సాధారణంగా భార్య. ఆవిడ పెట్టిన షరతు ఒకటే: రబ్బరు చెప్పులు లేకుండా మీటరు ముట్టుకుంటే ఆ పూట అన్నం లేదు.

మే నెల వచ్చిందంటే ఆయనకి చేతినిండా పని. నీళ్ల మోటారు వేసిన క్షణాన దిగి లేచేది వాచ్‌మన్ పద్దు. రాత్రి తొమ్మిది దాటాక మెట్లు దిగినట్టు దిగేది ఏసీల పద్దు. “నాలుగో అంతస్తు వాళ్ల అల్లుడొచ్చినట్టున్నాడండీ, పదిన్నరకి మూడు వోల్టులు పడింది” అంటారు మర్నాడు పాలప్యాకెట్ల దగ్గర. అల్లుడు వచ్చిన మాట నిజమే అవుతుంది. నాలుగో అంతస్తు వాళ్లకి అది నచ్చదు.

ఈయనకి పుట్టు విరోధి టెస్టరు వర్గం. జేబులో టెస్టరు పెట్టుకు తిరిగే మనిషి ఏ ప్లగ్గులోనైనా దాన్ని గుచ్చి, లోపల దీపం వెలగ్గానే “కరెంటు బ్రహ్మాండంగా ఉందండీ, స్టవ్వే పోయింది” అని తీర్పిచ్చి కాఫీ కోసం కూర్చుంటాడు. అందులోని నియాన్ దీపం 230 వోల్టులకూ వెలుగుతుంది, నూటికి పడిపోయినా వెలుగుతుంది. ఉందని చెప్తుంది తప్ప ఎంతుందో చెప్పదు. “పెట్టెలో డబ్బుందా అంటే ఉందన్నాట్ట. ఎంతుందయ్యా అంటే చూళ్లేదన్నాట్ట. వాడు క్యాషియరా?” అని ఆడిటరు గారి ప్రశ్న.

అలాగని మల్టీమీటరును మరీ నమ్మినా చిక్కే. ఒకసారి ఆయన స్విచ్చి కట్టేసిన తీగలో 90 వోల్టులు పట్టుకున్నారు. కట్టేసిన తీగలో కరెంటు! లెక్కల్లో చూపని ఆదాయం! ఏ ఫ్లాటు నుంచి ఎవరు రహస్యంగా జమచేస్తున్నారో తేల్చడానికి వారం పాటు గోడలన్నీ చెవి పెట్టి విన్నారు. చివరికి ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చి ఆ తీగకు ఓ మామూలు బల్బు తగిలించాడు. బల్బు వెలగలేదు, 90 కాస్తా సున్నా అయి కూర్చుంది. పక్కనే వెళ్లే లైవు తీగ ప్రభావం వల్ల ఉత్త తీగలో తేలే వోల్టేజీ అది. చీమంత లోడు పెట్టినా నిలబడదు. డిజిటల్ మీటరు తన కోసమంటూ దాదాపు ఏమీ లాగదు కనుక ఆ నీడను కూడా నిజమని రాసేసుకుంటుంది. ‘దొంగ వోచరు’ అని ఎర్ర సిరాతో కొట్టేశారు గానీ, ఆ రోజు నుంచీ ఆయనకో పట్టుదల వచ్చింది. లోడు మీద కాకుండా తీసిన ఏ అంకెనూ లెక్కలోకి తీసుకోరు.

ఆ పట్టుదలే మూడో అంతస్తు వంటింట్లో పనికొచ్చింది. గ్యాసు బండ ఆలస్యమై ఆ ఇంటావిడ ఇండక్షన్ స్టవ్వు మీద ఆధారపడ్డారు. స్టవ్వేమో పాలు పొంగే వేళకి కీచుమని, తెర మీద ఓ అక్షరం, ఓ అంకె చూపించి పడుకుంటోంది. ఆ అంకెకు అర్థం పుస్తకంలో ఉంటుంది, పుస్తకం అట్టపెట్టెలో ఉంటుంది, అట్టపెట్టె అటక మీద ఉంటుంది. పైగా ఒక కంపెనీకి తక్కువ వోల్టేజీ అయిన అంకె ఇంకో కంపెనీకి మరేదో అవుతుంది. ఈ విషయంలో ఆడిటరు గారికి చాలా బాధ: “పంచాయతీలకే పద్దుల నంబర్లు ఒకటి చేశాం కదండీ, వీళ్లకేం రోగం?” రిపేరు షాపుకు తీసుకెళ్తే ‘బోర్డు పోయింది’ అన్నారు. ఎలా తెలిసిందంటే అనుభవం అన్నారు. అదే షాపులో ఆన్ చేస్తే మాత్రం నీళ్లు చక్కగా తెర్లాయి.

“బాబాయ్ గారూ, ఓసారి చూడరూ” అన్నారావిడ. ఆయన చెప్పులు వేసుకుని వచ్చారు.

ముందు స్టవ్వు ఆపి కొలిస్తే 228. “అబ్బే, ఇది కాదమ్మా. పని చెప్పనంతసేపూ అందరూ బుద్ధిమంతులే. గిన్నెలో నీళ్లు పెట్టి రెండు వేల మీద నొక్కు.” రెండు వేల వాట్ల స్టవ్వు 230 వోల్టుల దగ్గర ఎనిమిదిన్నర ఆంపియర్లకు పైనే లాగుతుంది. దాన్ని పెట్టింది ఆరు ఆంపియర్ల సాకెట్లో. అదీ నేరుగా కాదు. వైరు పొట్టిదని ఎక్స్‌టెన్షన్ బాక్సు, లావు పిన్నులు పట్టవని మధ్యలో కన్వర్షన్ ప్లగ్గు.

స్టవ్వు నడుస్తుండగా మెయిన్ దగ్గర 221. అంటే ఏడు వోల్టులు గుమ్మం బయటే పోయాయి. అది సర్వీసు వైరు పద్దు, పక్కన రాసుకున్నారు. వంటింటి స్విచ్‌బోర్డులో పక్క సాకెట్లో 215. గోడలో ఉన్నది బిల్డరు దయతో వేయించిన ఒక స్క్వేర్ వైరు. అంత పొడవున అన్ని ఆంపియర్లు లాగితే ఆరు వోల్టులు న్యాయమైన ఖర్చే, ఒప్పుకున్నారు. ఇక ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఖాళీ సాకెట్లో పెట్టేసరికి 190. మళ్లీ 186. మళ్లీ 193. ఓ క్షణం 160లోకి జారి పైకొచ్చింది.

“ఇక్కడ!” అన్నారు. ఆ కేకలో ఉత్సాహం విన్నవాళ్లెవరూ అది పాలు విరిగిన ఇల్లని అనుకోరు. గోడకీ బాక్సుకీ మధ్య మూరెడు దూరం. ఆ మూరెడులో పాతిక వోల్టులు.

“పోయిన డబ్బు ఎక్కడో తేలాలి కదమ్మా, వోల్టులూ అంతే. పాతికని ఎనిమిది ఆంపియర్లతో గుణించు. రెండొందల వాట్లు. రెండు వంద క్యాండిళ్ల బల్బులు ఈ ప్లగ్గులో దాక్కుని వేడెక్కుతున్నాయి. వాసన రాలేదూ?”

వచ్చిందట. పక్కింటావిడ ఏదో మాడబెట్టుకుంటోందని అనుకున్నారట.

మెయిన్ కట్టి ప్లగ్గు ఊడదీస్తే ఇత్తడి పిన్నులు నల్లగా కమిలి, తెల్ల ప్లాస్టిక్కు ఓ పక్క వేయించిన అప్పడంలా ఉబ్బి ఉంది. లూజు కాంటాక్టు బతుకే అంత. వేడెక్కితే పట్టు సడలుతుంది, సడలిన కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. స్టవ్వుకి తన దాకా వచ్చిన వోల్టేజీయే తెలుసు. అది కింది హద్దు దాటి జారగానే తన బోర్డును కాపాడుకోవడానికి ఆగిపోతుంది. షాపులో సాకెట్టు గట్టిది కాబట్టి అక్కడ బుద్ధిగా నడిచింది. నిజానికి ఈ కథలో తప్పు చేయనిది స్టవ్వొక్కటే.

సాయంత్రానికి ఆడిట్ రిపోర్టు అందింది. నాలుగు పేరాలు. బాక్సునూ కన్వర్షన్ ప్లగ్గునూ తక్షణం సర్వీసు నుంచి తొలగించాలని మొదటిది. మెయిన్ నుంచి విడిగా రెండున్నర స్క్వేర్ వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికో ఎంసీబీ ఉండాలని రెండోది. ఎర్తు తీగ ఉత్తుత్తినే కాకుండా నిజంగా ఎర్తుకే కలిపి ఉందో లేదో చూపించాలని మూడోది. నాలుగో పేరా కరెంటు గురించి కాదు. సదరు బాక్సును ఆవిడ భర్త ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నదీ బిల్లుతో సహా వివరణ కోరుతూ.

నవ్వుకున్నాం. కానీ ఆయన్ని చూసి నవ్వే హక్కును న్యూట్రల్ తెగిన సాయంత్రం మా అపార్ట్‌మెంటు కొంత పోగొట్టుకుంది. ఓ వరస ఇళ్లలో బల్బులు మసకబారాయి, ఇంకో వరసలో కళ్లు జిగేలుమన్నాయి. “మా ఇంట్లో వెలుగు బాగుందే” అని మేం మురిసేలోపే ఆయన మెట్ల మీద కేకలు పెడుతున్నారు: “ఒక ఖాతాలో తగ్గింది ఇంకో ఖాతాలో తేలుతోంది! మెయిన్లు కట్టండి!” రెండు ఫేజుల మధ్య 400 వోల్టులుంటాయి. న్యూట్రల్ బాగున్నంతసేపూ ఎవరి 230 వాళ్లది. అది తెగితే ఆ ఫేజుల మీదున్న ఇళ్లు 400నూ లోడును బట్టి పంచుకుంటాయి, తక్కువ వాడేవాడి మీద ఎక్కువ వోల్టులు పడతాయి. పొదుపరికి శిక్షన్నమాట. ఆయన మా అందరి మెయిన్లూ కట్టించి చివర్న తన గుమ్మం చేరేసరికి వాళ్ల ఫ్రిజ్జు పోయింది. రిమార్కుల గడిలో ‘రైటాఫ్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు.

మూడో అంతస్తులో కొత్త సాకెట్టు వచ్చింది, పాలు కాగుతున్నాయి. దాంతో ఆయన దృష్టి గుమ్మం బయట పోయిన వోల్టుల మీద పడింది. రాత్రి ఏడున్నరకి మెయిన్ దగ్గర 214. మర్నాడు స్తంభమెక్కి జంపర్లు బిగిస్తున్న లైన్‌మన్ దిగేదాకా కిందే నిలబడ్డారు. విద్యుత్ నియమాల ప్రకారం ఇంటి సరఫరా ఆరు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదనీ, 230లో ఆరు శాతం తీసేస్తే 216.2 అనీ, మాకు వచ్చింది 214 అనీ చదివి వినిపించారు. 2.2 వోల్టులు బాకీ.

లైన్‌మన్ చేతి తొడుగులు విప్పుకుంటూ అంతా శ్రద్ధగా విన్నాడు.

“ఆయ్. ఆ రెండు వోల్టులూ రేపొద్దున్నే తెచ్చి మీ చేతిలో పెట్టేస్తానండి.”

“పాయింటు రెండో?” అన్నారు ఆడిటరు గారు.